బ్యాటరీలో ముందు ముసలితనం వచ్చేది ఆనోడ్‌కే

లిథియం బ్యాటరీ అని పేరు పెట్టుకున్నాం గానీ, తూకం వేస్తే అందులో లిథియం వాటా ఏపాటిది? బ్యాటరీ ఆటోల్లోనూ సోలార్ దీపాల్లోనూ ఇప్పుడు ఎక్కువగా వస్తున్న ఎల్‌ఎఫ్‌పీ (లిథియం ఐరన్ ఫాస్ఫేట్) రకాన్నే తీసుకోండి. ఒక్కో సెల్ 3.2 వోల్టులు ఇస్తుంది. ఒక కిలోవాట్ అవర్, అంటే మన కరెంటు బిల్లులో ఒక యూనిట్, దాచుకోవాలంటే 312 ఆంపియర్ అవర్ల చార్జి కావాలి. ఒక్కో ఆంపియర్ అవర్‌కీ అటూ ఇటూ తిరిగే లిథియం పావు గ్రాము పైచిలుకు. మొత్తం ఎనభై గ్రాములు. చార్జింగ్ అయ్యాక ఆ ఎనభై గ్రాముల్నీ తనలో పట్టి ఉంచే గ్రాఫైట్ మాత్రం దగ్గర దగ్గర కిలో ఉండాలి. ఆటోకి వేసే 5.4 కిలోవాట్ అవర్ల ప్యాక్‌లో అయిదున్నర కిలోల గ్రాఫైట్ కూర్చుని ఉంటుందన్నమాట.

ఆ గ్రాఫైటే ఆనోడ్, అంటే బ్యాటరీ మైనస్ వైపు. ప్లస్ వైపుది క్యాథోడ్. బ్యాటరీ రెండేళ్లు బతుకుతుందా, ఎనిమిదేళ్లు బతుకుతుందా అన్నది చాలావరకు అక్కడే తేలుతుంది. క్యాథోడ్ గురించి కంపెనీలు ప్రకటనల్లో ఊదరగొడతాయి, ఆనోడ్ ఊసెత్తరు. ఒడిశాలోని రాయగడలో ఉండి ఈ సంగతి రాయడానికి నాకు ఇంకో కారణం కూడా ఉంది. మన చుట్టూ ఉన్న కొండరాళ్లలోనే గ్రాఫైట్ ఉంది. రాయగడ, కొరాపుట్, కలహండి, బలంగీర్ జిల్లాల్లోనూ, సరిహద్దు దాటితే విజయనగరం, శ్రీకాకుళం వైపూ దాని ఆనవాళ్లు ఎప్పటినుంచో లెక్కల్లో ఉన్నాయి. "గ్రాఫైట్ మన దగ్గరే ఉంది కదండీ, ఇంక బ్యాటరీ ఫ్యాక్టరీ రావడమే తరువాయి" అని టీ కొట్టు దగ్గర అనేవాళ్లున్నారు. ఆ రాయికీ ఆనోడ్‌కీ మధ్య దూరం ఎంతో తెలియాలంటే, ముందు ఆనోడ్ ఏం చేస్తుందో, ఎలా చెడుతుందో చూడాలి.

పొరల మధ్య కాపురం

సెల్ లోపల రెండు లోహపు రేకులుంటాయి. అల్యూమినియం రేకు మీద క్యాథోడ్ పూత, రాగి రేకు మీద గ్రాఫైట్ పూత. రెంటికీ మధ్య సెపరేటర్ అనే పలచటి ప్లాస్టిక్ పొర. అన్నీ ఎలక్ట్రోలైట్ అనే ద్రవంలో నాని ఉంటాయి. చార్జింగ్ పెట్టినప్పుడు లిథియం అయాన్లు క్యాథోడ్‌ని వదిలి, ద్రవంలోంచి వచ్చి, గ్రాఫైట్ పొరల మధ్యకి దూరతాయి. బండి నడుస్తున్నప్పుడు వెనక్కి వెళ్లిపోతాయి. రాగి ఖరీదు కదా, అటువైపూ అల్యూమినియమే వాడొచ్చు కదా అంటారేమో. ఆనోడ్ దగ్గరుండే తక్కువ వోల్టేజీలో అల్యూమినియం ఊరుకోదు. లిథియంతో కలిసిపోయి పొడిపొడిగా రాలిపోతుంది. రాగికి ఆ గుణం లేదు. అందుకే ఆరు నుంచి పది మైక్రాన్ల మందానికి సాగదీసిన రాగి రేకుని వాడతారు.

గ్రాఫైట్‌లో కార్బన్ పరమాణువులు ఆరుభుజాల గళ్లుగా అల్లుకుని, పొరమీద పొరగా ఉంటాయి. పొరకీ పొరకీ మధ్య ఎడం 0.335 నానోమీటర్లు. లిథియం చేరాక అది 0.37 దాకా జరుగుతుంది. అంటే మొత్తం మీద ఉబ్బేది పది శాతం. ఈ పది శాతాన్ని గుర్తుపెట్టుకోండి, సిలికాన్ దగ్గర దీని విలువ తెలుస్తుంది. ఆరు కార్బన్లకు ఒక లిథియం చొప్పున లెక్కేస్తే గ్రాముకు 372 మిల్లీ ఆంపియర్ అవర్లు వస్తుంది. మంచి గ్రాఫైట్ ఇప్పటికే 350 దాటి ఇస్తోంది కాబట్టి, అందులోంచి ఇంకా పిండుకోవడానికి పెద్దగా మిగల్లేదు.

లిథియం నిండేకొద్దీ గ్రాఫైట్ రంగు మారుతుంది. ఖాళీగా ఉన్నప్పుడు నలుపు. సగం లోపు ముదురు నీలం, సగం దాటేసరికి ఎరుపు, పూర్తిగా నిండాక అచ్చం బంగారు రంగు. ప్రయోగశాలల్లో గాజు కిటికీ పెట్టిన సెల్‌లో ఈ రంగులు ఒకదాని వెంట ఒకటి పాకడం సూక్ష్మదర్శినిలో చూస్తారు. ఎక్కడైనా బంగారు రంగుకి బదులు బూడిదరంగు మచ్చ కనిపిస్తే అక్కడ ఏదో తేడా జరుగుతోందని అర్థం. ఆ తేడా ఏమిటో తర్వాత చెప్తాను. ఇది చూడాలని సరదా పడి ఇంట్లో సెల్ కోసేరు సుమా, చార్జి ఉన్న ఆనోడ్‌కి గాలీ తేమా తగిలితే నిప్పంటుకుంటుంది.

కంటికి కనిపించని పూత

ఆనోడ్ పనిచేసే వోల్టేజీలో ఎలక్ట్రోలైట్ ద్రవం నిలవలేదు. గ్రాఫైట్‌ని తాకిన చోటల్లా విరిగిపోతుంది. విరిగిన ముక్కలు లిథియంతో కలిసి గ్రాఫైట్ మీద పొరగా పేరుకుంటాయి. మందం కొన్ని పదుల నానోమీటర్లు. ఇమాన్యుయేల్ పెలెడ్ 1979లో దీనికి సాలిడ్ ఎలక్ట్రోలైట్ ఇంటర్‌ఫేజ్ అని పేరు పెట్టాడు. పొట్టిగా ఎస్‌ఈఐ. లిథియం అయాన్లను లోపలికి పోనిస్తుంది, ద్రవాన్నీ ఎలక్ట్రాన్లనూ ఆపుతుంది. ఈ పొరే లేకపోతే బ్యాటరీయే లేదు, ద్రవమంతా విరిగి అయిపోయేది.

కాకపోతే పొర కట్టడానికి ఖర్చయ్యే లిథియం మళ్లీ రాదు. ఫ్యాక్టరీలో మొట్టమొదటి చార్జింగ్‌కే అయిదు నుంచి పది శాతం దాకా అలా పోతుంది. ఆ ఒక్క చార్జింగ్‌ని కంపెనీలు నెమ్మదిగా, ఉష్ణోగ్రత చూసుకుంటూ చేస్తాయి. హడావుడిగా కట్టిన పూత గట్టిగా ఉండదు మరి. మన పల్లెల్లో మట్టిగోడను ఎర్రమట్టితో అలుకుతారు చూడండి, ఇదీ అలాంటిదే. అలికింది పట్టుకుంటే గోడ నాలుగు కాలాలు నిలుస్తుంది. గోడ కదిలి పూత బీటలు వారితే మళ్లీ అలకాలి, దాచిన మట్టిలోంచి మళ్లీ తియ్యాలి. సెల్‌లో ఆ మట్టి లిథియమే. సీలు వేసిన డబ్బాలోకి కొత్త లిథియం ఎక్కడినుంచీ రాదు.

ఒకసారి చార్జి ఎక్కించి దించితే ఒక సైకిల్. ఒక్కో సైకిల్‌కి ఎంత పోతుందన్నదే ఆయుష్షు లెక్క. ఎక్కించిన చార్జిలో 99.9 శాతం తిరిగి వస్తోందంటే బాగానే ఉందనిపిస్తుంది. వెయ్యి సైకిళ్లు అలాగే పోగొట్టుకుంటూ పోతే మిగిలేది 37 శాతం. అదే 99.99 శాతం వస్తే వెయ్యి సైకిళ్లకీ 90 శాతం మిగులుతుంది. వెయ్యి తర్వాత 80 శాతం ఉండాలంటే ప్రతి సైకిల్‌లోనూ 99.978 తగ్గకూడదు. అంటే ఆనోడ్ పరిశోధన మొత్తం దశాంశ బిందువు తర్వాత మూడో అంకె దగ్గర జరుగుతోంది. కెనడాలోని డల్‌హౌసీ యూనివర్సిటీలో జెఫ్ డాన్ బృందం ఈ నష్టాన్ని అతి సూక్ష్మంగా కొలిచే యంత్రాలు కట్టింది అందుకే. కొన్ని వారాల కొలతతోనే ఏ సెల్ ఏళ్ల తరబడి నిలుస్తుందో పసిగట్టాలని.

స్టేషను బయట బ్యాటరీ ఆటో నడిపే అబ్బాయి ఒకసారి అడిగాడు: "మాస్టారూ, కొత్తలో తొంభై కిలోమీటర్లు లాగేదండి. ఇప్పుడు అరవై దాటితే గుండెల్లో దడే. సెల్లు పోయినట్టేనేటండి?" పోలేదు. గ్రాఫైట్ అలాగే ఉంది, క్యాథోడ్ అలాగే ఉంది. తిరగాల్సిన లిథియంలో కొంత పూతలో ఇరుక్కుపోయింది, అంతే. ఆ అబ్బాయి రాత్రి పదింటికి చార్జింగ్ పెట్టి పొద్దున ఆరింటికి తీస్తాడు. బండి ఉండేది రేకుల షెడ్డు కింద. మే నెలలో ఆ షెడ్డు అర్ధరాత్రి దాకా చల్లబడదు. గ్రాఫైట్ నిండుగా ఉన్నప్పుడు దాని వోల్టేజీ అన్నిటికన్నా కింద ఉంటుంది, ద్రవం విరగడానికి అదే అనుకూలం. వేడి దానికి తోడైతే పొర మరీ జోరుగా పెరుగుతుంది. నిండుగా, వేడిగా, గంటల తరబడి: ఈ మూడూ కలిసిన చోట బ్యాటరీ నడవకపోయినా ముసలిదవుతుంది. ఎనభై, తొంభై శాతం దగ్గర ఆపడం, బండిని నీడలో చల్లారనిచ్చి చార్జింగ్ పెట్టడం, బయల్దేరే వేళకి నిండేలా చూసుకోవడం ఇందుకే చెప్తారు. ఎల్‌ఎఫ్‌పీ ప్యాక్‌ని అప్పుడప్పుడు పూర్తిగా నింపమంటారు. అది సెల్స్ అన్నీ సమానంగా ఉన్నాయో లేదో బీఎంఎస్, అంటే ప్యాక్‌ని కనిపెట్టి ఉండే ఎలక్ట్రానిక్ సర్క్యూట్, సరిచూసుకోవడానికి, రోజూ నింపమని కాదు.

గ్రాఫైట్ పదేళ్లు ఎందుకు ఆగింది

గ్రాఫైట్‌లోకి లిథియంని దూర్చి మళ్లీ తియ్యొచ్చని 1980లోనే ఫ్రాన్స్‌లోని గ్రెనోబుల్‌లో రషీద్ యజామీ చూపించాడు. అయినా 1985లో అకీరా యోషినో చేసిన నమూనాలో గానీ, 1991లో సోనీ అమ్మకానికి పెట్టిన మొదటి బ్యాటరీలో గానీ ఆనోడ్ గ్రాఫైట్ కాదు, పెట్రోలియం కోక్ లాంటి కార్బన్. కారణం ద్రవంలో ఉంది. అప్పట్లో వాడిన ప్రొపిలీన్ కార్బొనేట్ లిథియంతోపాటు తానూ గ్రాఫైట్ పొరల్లోకి చొరబడి వాటిని చీల్చేసేది. ఆ ద్రవంతో గట్టి పూత కట్టదు. నిర్మాణంలో దానికి ఒకే ఒక్క కార్బన్ తక్కువగా ఉన్న ఇథిలీన్ కార్బొనేట్ మాత్రం చక్కటి పూత కడుతుంది. ఈ తేడా 1990 ప్రాంతంలో తేలాక గ్రాఫైట్‌కి దారి తెరుచుకుంది. ఒక్క కార్బన్ తేడా మీద ఇవాళ్టి బ్యాటరీ పరిశ్రమంతా నిలబడి ఉందంటే అతిశయోక్తి కాదు.

కార్బన్ గొడవెందుకు, నేరుగా లిథియం లోహాన్నే ఆనోడ్‌గా పెడితే పోదా? గ్రాముకు 3860 మిల్లీ ఆంపియర్ అవర్లు, గ్రాఫైట్‌కి పదింతలు. కెనడాకి చెందిన మోలీ ఎనర్జీ ఆ పనే చేసింది. 1989లో ఫోన్లలో ఆ బ్యాటరీలు మండి, సరుకంతా వెనక్కి తీసుకోవాల్సి వచ్చింది. లోహం తిరిగి పేరుకునేటప్పుడు నున్నగా పేరుకోదు, ముళ్లలా మొలిచి సెపరేటర్‌ని పొడుస్తుంది. సాలిడ్ స్టేట్ బ్యాటరీలు అంటూ ఇప్పుడు వింటున్నదంతా ఆ ముళ్లకి అడ్డుకట్ట వెయ్యాలన్న ప్రయత్నమే. మన ఆటోల దాకా రావడానికి దానికి ఇంకా చాలా దూరం ఉంది.

గ్రాఫైట్ వాడినా ఆ ముళ్ల బెడద పూర్తిగా పోలేదు. ఇందాక చెప్పిన బూడిదరంగు మచ్చ అదే. గ్రాఫైట్ వోల్టేజీ లిథియం లోహపు వోల్టేజీకి కేవలం 0.1 వోల్టు పైన ఉంటుంది. ఫాస్ట్ చార్జర్ పెట్టి అయాన్లను తోసేస్తే, పొరల్లోకి దూరేంత వ్యవధి లేక, అవి పైనే లోహంగా పేరుకుపోతాయి. చలిలో అయాన్లు లోపలికి కదలడం మందగిస్తుంది కాబట్టి మామూలు చార్జింగ్‌కే ఆ ముప్పు. కొరాపుట్, పొట్టంగి వైపు డిసెంబరు తెల్లవారుజామున, మంచులో రాత్రంతా నిలిపిన బండిని లేవగానే ఫాస్ట్ చార్జింగ్‌కి పెట్టకపోవడం మంచిది. కాస్త తిప్పి, సెల్ వెచ్చబడ్డాక పెట్టాలి. అలాగే సెమిలిగుడలో నూరు శాతం నింపుకుని సుంకి ఘాట్ దిగి సాలూరు వెళ్లేవాళ్లకి ఒక వింత ఎదురవుతుంది. దిగుడులో బ్రేకు వేస్తే బ్యాటరీకి చార్జి ఎక్కాలి కదా, ఎక్కదు. ఆనోడ్‌లో ఖాళీ లేదు, బలవంతంగా ఎక్కిస్తే లోహం పేరుకుంటుంది, అందుకని బీఎంఎస్ ఆపేస్తుంది. భారమంతా మామూలు బ్రేకుల మీద పడుతుంది. ఘాట్ దిగేవాళ్లు పదో పదిహేనో శాతం ఖాళీ ఉంచుకోవడం బ్యాటరీకీ బ్రేకులకీ మంచిది.

గ్రాఫైట్‌ని మెరుగుపరచడమంటే ఈ రెండు జబ్బుల్నీ, పొర పెరగడాన్నీ లోహం పేరుకోవడాన్నీ, తగ్గించడమే. లిథియం దూరేది పొరల అంచుల్లోంచి మాత్రమే, పైనుంచి కాదు. సహజ గ్రాఫైట్ రేకుల్లా ఉంటుంది. రాగి మీద పూసి రోలర్ కింద నొక్కితే ఆ రేకులన్నీ బోర్లా పడుకుంటాయి, అంచులు పక్కకి తిరిగిపోతాయి, అయాన్లకి చుట్టుదారి అవుతుంది. అందుకే రేకుల్ని గుండ్రంగా మలుస్తారు. అంచులే ద్రవాన్ని ఎక్కువగా విరగ్గొడతాయి కూడా. వాటి మీద తారు లాంటి పిచ్ పూసి కాలిస్తే పలచటి కార్బన్ తొడుగు ఏర్పడి అంచుల దూకుడు తగ్గుతుంది. రేణువు చిన్నదైతే చార్జింగ్ వేగంగా ఎక్కుతుంది గానీ, ఉపరితలం పెరిగి పూతకి ఎక్కువ లిథియం ఖర్చవుతుంది. పెద్దదైతే దీనికి తలకిందులు. ద్రవంలో ఒకటి రెండు శాతం వినైలీన్ కార్బొనేట్ అనే రసాయనం కలిపితే పూత గట్టిపడుతుంది. పేపర్లకెక్కే విషయాలు కావివి. అయినా గత ముప్ఫై ఏళ్లలో బ్యాటరీ ఆయుష్షు పెరిగింది ఎక్కువగా ఇలాంటి చిల్లర మల్లర మార్పులతోనే అని నా అభిప్రాయం.

సిలికాన్: పొట్ట పెద్దది, పూత నిలవదు

గ్రాఫైట్‌లో ఒక లిథియంకి ఆరు కార్బన్లు కావాలి. సిలికాన్‌లో ఒక్క పరమాణువే దగ్గర దగ్గర నాలుగు లిథియంలను పట్టుకుంటుంది. గ్రాముకు 3579 మిల్లీ ఆంపియర్ అవర్లు. ఇసుకలో ఉన్న మూలకం, కొరతన్నది లేదు. మరి ఇన్నాళ్లూ ఎందుకు వాడలేదు?

ఉబ్బు వల్ల. గ్రాఫైట్ పది శాతం ఉబ్బితే సిలికాన్ మూడు వందల శాతం దాకా ఉబ్బుతుంది. పూర్తిగా నిండిన రేణువు ఖాళీ రేణువుకి నాలుగింతలు. చార్జి దిగగానే మళ్లీ కుంచించుకుపోతుంది. ఇలా రోజూ జరిగితే మూడు నష్టాలు. రేణువు పగిలి ముక్కలవుతుంది. ముక్కలు రాగి రేకుతో సంబంధం తెగి ఊరికే పడి ఉంటాయి. అన్నిటికన్నా ముఖ్యం, పగిలిన ప్రతిచోటా కొత్త ఉపరితలం బయటపడి దాని మీద కొత్త పూత కడుతుంది, లిథియం హరించుకుపోతుంది. శుద్ధ సిలికాన్ పొడితో గ్రాఫైట్ పద్ధతిలోనే ఆనోడ్ చేస్తే పదుల సైకిళ్లలోనే చతికిలబడుతుంది.

పగలకుండా చూడ్డానికి మొదటి మందు రేణువుని చిన్నది చెయ్యడమే. 2008లో స్టాన్‌ఫర్డ్‌లో యీ కుయ్ బృందం సిలికాన్‌ని సన్నని నానో తీగలుగా పెంచి చూపించింది. పక్కపక్కన ఖాళీ ఉన్న తీగలు ఉబ్బినా విరగవు. 2012లో ఎలక్ట్రాన్ మైక్రోస్కోప్ కింద చూస్తుండగానే లిథియం ఎక్కించి, రేణువు 150 నానోమీటర్ల లోపు ఉంటే పగలదని తేల్చారు. ఇంకేం, సమస్య తీరిపోయిందనుకున్నారు. తీరలేదు. రేణువు చిన్నదయ్యేకొద్దీ మొత్తం ఉపరితలం పెరుగుతుంది, రేణువు పగలకపోయినా దాని మీది పూత పగులుతూనే ఉంటుంది. మూడో అంకె లెక్క మళ్లీ మొదటికొచ్చింది.

ఇప్పుడు మార్కెట్లో నడుస్తున్న పద్ధతులు రెండు. ఒకటి సిలికాన్ ఆక్సైడ్‌ని గ్రాఫైట్‌లో కొద్ది శాతం కలపడం. ఆక్సిజన్ వల్ల ఉబ్బు సగానికి పైగా తగ్గుతుంది. కానీ మొదటి చార్జింగ్‌లోనే ఆ ఆక్సిజన్ బోలెడు లిథియంని మింగేస్తుంది, అందుకని ముందుగానే కొంత లిథియం పట్టించాల్సి వస్తోంది. రెండోది నాకు ఎక్కువ నచ్చినది. ముందు సందులు సందులుగా ఉన్న కార్బన్ రేణువుని తయారుచేస్తారు. తర్వాత సిలికాన్ ఉండే సైలేన్ అనే వాయువు పంపిస్తే ఆ సందుల లోపలే సిలికాన్ పేరుకుంటుంది. అన్ని సందులూ నింపరు, ఖాళీ వదులుతారు. సిలికాన్ ఉబ్బేది ఆ ఖాళీలోకే, బయటి కార్బన్ గుల్ల కదలదు. పూత కట్టేది ఆ గుల్ల మీద కాబట్టి అది పగలదు. 2023లో హానర్ తన మ్యాజిక్ 5 ప్రో ఫోన్‌ని చైనాలో సిలికాన్ కార్బన్ బ్యాటరీతో తెచ్చాక, ఏడు వేల మిల్లీ ఆంపియర్ అవర్లున్నా పలచగా ఉండే ఫోన్లు వరసగా వచ్చాయి.

అంటుపదార్థం సంగతి కూడా ఒక మాట. రేణువుల్ని రాగికి అతికించే బైండర్ అంతగా పట్టించుకోదగ్గది కాదనుకునేవాళ్లు. సిలికాన్‌కి పీవీడీఎఫ్ అనే పాత ప్లాస్టిక్ బైండర్ పనికిరాలేదు. సాగినా పట్టు వదలని పాలీఅక్రిలిక్ ఆమ్లం, సెల్యులోజ్ నుంచి వచ్చే సీఎంసీ లాంటివి వాడాక సైకిళ్ల లెక్క ఒక్కసారిగా మారిపోయింది. ఇవి నీళ్లలో కలుస్తాయి, విషపూరిత ద్రావకం అక్కర్లేదు.

ఇదంతా చెప్పి కూడా, ఆటో నడిపేవాళ్లకి సిలికాన్ కోసం ఎదురు చూడమని చెప్పను. ఫోన్ రెండు మూడేళ్లకి మారుస్తాం, బరువు పలచదనం ముఖ్యం. ఆటోకి అర అంగుళం మందం ఎక్కువైతే వచ్చే నష్టమేమీ లేదు, కానీ రోజూ తిరగాలి, వేడిలో తిరగాలి. అక్కడ మంచి గ్రాఫైట్‌దే పైచెయ్యి. ఇంకా ఆయుష్షు కావాలంటే గ్రాఫైట్‌కి బదులు లిథియం టైటనేట్ ఆనోడ్ ఉంది. ఉబ్బడమన్నదే లేదు, ఎస్‌ఈఐ గొడవ దాదాపు లేదు, పది వేల సైకిళ్లు దాటుతుంది. తోషిబా 2008 నుంచీ అమ్ముతోంది. కాకపోతే గ్రాముకు 175 మిల్లీ ఆంపియర్ అవర్లే, పైగా సెల్ వోల్టేజీలో ఒకటిన్నర వోల్టులు పోతుంది. అదే బరువుకి సగం దూరం. బస్సులకీ, కొన్ని నిమిషాల్లో నిండాల్సినవాటికీ సరిపోతుంది.

మన కొండల్లోని గ్రాఫైట్

ఇంక రాయి దగ్గరికి వద్దాం. రాయగడ చుట్టూ కొండల్లో ఎర్రగా, గోమేదికపు చుక్కలతో కనిపించే రాయిని ఖొండలైట్ అంటారు. 1902లో టీ.ఎల్. వాకర్ అనే భూగర్భ శాస్త్రవేత్త కలహండి రాళ్లను చదివి, ఇక్కడి కొండు ఆదివాసుల పేరే దానికి పెట్టాడు. కోణార్కలోనూ పూరీ గుడిలోనూ ఉన్నది ఈ రాయే. ఒకప్పుడు సముద్రపు అడుగున పేరుకున్న బురద, అందులోని జీవ కార్బన్, భూమి లోతుల్లో ఎనిమిది తొమ్మిది వందల డిగ్రీల వేడికి ఉడికి ఇలా అయ్యాయి. కార్బన్ గ్రాఫైట్ రేకులైంది. రోడ్డు కోసం కొత్తగా కోసిన కొండ పక్కన రాయిలో ఉక్కురంగు తళుకు కనిపిస్తే గోటితో గీకి చూడండి. మెత్తగా రాలి వేలికి జిడ్డుగా నలుపు అంటుకుంటే గ్రాఫైట్. అంటకుండా పెచ్చుగా లేస్తే మైకా.

ఆ ధాతువులో గ్రాఫైట్ ఉండేది కొద్ది శాతమే. రాయిని నూరి, నీళ్లలో నురగ లేపితే గ్రాఫైట్ నురగతో తేలుతుంది, మిగతాది మునుగుతుంది. ఈ విద్య మనవాళ్లకి కొత్త కాదు, భువనేశ్వర్‌లోని ఐఎంఎంటీ అనే ప్రభుత్వ పరిశోధన సంస్థలో ఖనిజాలను శుద్ధి చెయ్యడంలో దశాబ్దాల అనుభవం ఉంది. తొంభై అయిదు శాతం దాకా ఇలా తేవచ్చు. మూసలకీ ఇటుకలకీ పెన్సిళ్లకీ అది చాలు. బ్యాటరీకి 99.95 కావాలి. మిగిలే ఇనుము లక్షలో కొన్ని వంతులున్నా సెల్ లోపల కరిగి, మరోచోట పేరుకుని, షార్ట్ చేస్తుంది.

రేకుల్ని గుండ్రంగా మలిచే మిల్లుల్లో సగానికి పైగా పొడి దుమ్ముగా పోయేది మొన్నమొన్నటి వరకూ. ఆ తర్వాత మిగిలిన సిలికేట్లు కరిగించడానికి హైడ్రోఫ్లోరిక్ ఆమ్లం వాడతారు. ఎముకల్లోకి దిగే ఆమ్లం అది. దాని వ్యర్థజలం నాగావళిలో కలిస్తే ఏమవుతుందో ఊహించడానికి ఇంజినీరింగ్ చదవక్కర్లేదు. వేరే దారి ఉంది. గ్రాఫైట్‌ని కాస్టిక్ సోడాతో కాలిస్తే సిలికేట్లు నీళ్లలో కరిగేవిగా మారతాయి, తర్వాత తేలికపాటి ఆమ్లంతో కడిగితే సరిపోతుంది. ఖర్చు కాస్త ఎక్కువ, నీళ్లు ఎక్కువ కావాలి. కాస్టిక్ సోడాతో పనిచెయ్యడం మన ప్రాంతానికి తెలిసిందే. కాశీపూర్‌లో ఉత్కల్ అల్యూమినా, దామన్‌జోడిలో నాల్కో బాక్సైట్ నుంచి అల్యూమినాని తీసేది దానితోనే. అక్కడి ఎర్రబురద చెరువుల సంగతి కూడా మనకి తెలుసు కాబట్టి, అడగాల్సిన ప్రశ్నలూ తెలిసే ఉండాలి.

ఈ మధ్య దశలన్నీ చైనా చేతిలో ఉన్నాయి. ప్రపంచపు ఆనోడ్ పదార్థంలో నూటికి తొంభైకి పైగా అక్కడే తయారవుతోంది. 2023 డిసెంబరు 1 నుంచి గ్రాఫైట్ ఎగుమతికి ప్రభుత్వ అనుమతి తప్పనిసరి చేసింది కూడా. అదే ఏడాది జూన్‌లో మన కేంద్రం ప్రకటించిన 30 కీలక ఖనిజాల జాబితాలో గ్రాఫైట్ ఉంది. 2025 జనవరిలో ఆ కీలక ఖనిజాలకో జాతీయ మిషన్ కూడా ఆమోదించారు. గనులు వేలం వెయ్యడం తేలిక. నురగలో తేలిన ముడి పొడిని బస్తాల్లో ఎగుమతి చేసి, గుండ్రంగా మలిచిన అదే పొడిని తిరిగి కొనుక్కుంటే మనకి మిగిలేది తవ్విన గుంతలే.

పోటీ ఉన్నది చైనా గ్రాఫైట్‌తోనే కాదు, కొండే అక్కర్లేని కృత్రిమ గ్రాఫైట్‌తో కూడా. పెట్రోలియం కోక్‌ని గానీ, ఉక్కు ఫ్యాక్టరీల్లో వచ్చే కోల్‌తార్ నుంచి తీసిన కోక్‌ని గానీ మూడు వేల డిగ్రీల దగ్గర కాలిస్తే అదే గ్రాఫైట్ అవుతుంది. కరెంటు విపరీతంగా తాగుతుంది గానీ, ఎక్కువ సైకిళ్లు నిలుస్తుంది. ఎప్సిలాన్ అనే కంపెనీ కర్ణాటకలో బళ్లారి దగ్గర ఆ కోల్‌తార్ దారినే పట్టింది. ఇంకో దారి కాగితం మిల్లుది. కలపలోంచి గుజ్జు తీశాక మిగిలే లిగ్నిన్‌ని మిల్లులు బాయిలర్‌లో తగలేసి ఆవిరి పుట్టిస్తాయి. 2021లో ఫిన్లాండ్‌లో స్టోరా ఎన్సో దాన్నుంచి హార్డ్ కార్బన్ (గ్రాఫైట్‌లా పొరలు తీరుగా పేర్చుకోని కార్బన్) ఆనోడ్ చేసే పైలట్ ప్లాంటు పెట్టింది. సోడియం అయాన్ బ్యాటరీలకి గ్రాఫైట్ పనికిరాదు, హార్డ్ కార్బనే కావాలి. రాయగడ పక్కనే జేకే పేపర్ మిల్లు ఉందన్న సంగతి వేరే చెప్పక్కర్లేదు. తెరుబలిలో ఫెర్రో అల్లాయ్ కొలుములు నడిపే మనుషులూ ఉన్నారు. ముడిసరుకూ కాస్టిక్ విద్యా కొలిమి విద్యా ఒకే జిల్లాలో దొరకడం అరుదే. అవన్నీ ఒక గొలుసుగా కలుస్తాయా అన్నది వేరే ప్రశ్న.

ఎందుకంటే పొడి తయారైపోగానే ఎవరూ కొనరు. సెల్ కంపెనీ ముందు కొన్ని గ్రాములు తీసుకుని చిన్న సెల్స్ చేస్తుంది, తర్వాత కిలోలు, ఆ తర్వాత టన్ను. ప్రతి దశలోనూ సైకిళ్లు తిప్పాలి. మూడు గంటలు ఎక్కించి మూడు గంటలు దించితే రోజుకి నాలుగు సైకిళ్లు, వెయ్యి తిరగడానికి ఎనిమిది నెలలు. ప్రతి బస్తాలోనూ రేణువు సైజూ ఇనుము శాతమూ ఒకేలా ఉన్నాయని రుజువు కావాలి, లేకపోతే మళ్లీ మొదటినుంచీ. ఫ్యాక్టరీ కట్టాక మొదటి పెద్ద ఆర్డరుకి రెండు మూడేళ్లు పట్టడం ఈ రంగంలో మామూలే. అంతకాలం జీతాలిచ్చి, కొలిమి ఆరకుండా నిలబడగలిగినవాళ్లే మిగులుతారు. సబ్సిడీ ఇచ్చేదుంటే యంత్రాల కొనుగోలుకి కాదు, ఆ ఖాళీ ఏళ్లకి ఇవ్వాలి. వెయ్యి సైకిళ్లూ ఇక్కడే తిప్పి, ఆ మూడో అంకె కొలిచే ప్రయోగశాల ఒకటి భువనేశ్వర్‌లోనో విశాఖలోనో అందరికీ అందుబాటులో ఉంటే, నమూనాలు విదేశాలకి పంపి నెలల తరబడి ఎదురుచూసే పని తప్పుతుంది.